పదమూడో నంబరు కార్డు

టారో కార్డుల్లో 13వ నంబరు పడితే అడిగినవారి మొహం పాలిపోతుంది. నల్ల కవచం తొడిగిన అస్థిపంజరం తెల్ల గుర్రమెక్కి వస్తుంటుంది. కార్డు పేరే మృత్యువు. మన చిలక జోస్యంలో చిలక తీసేది దేవుడి బొమ్మ కాబట్టి ఇంత భయం ఉండదు. అయితే 1909లో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఈ బొమ్మను నిదానంగా చూడాలి. రాజు నేలకొరిగాడు. మతగురువు చేతులు జోడించాడు. పసివాడు మాత్రం బెదరలేదు. వెనుక రెండు బురుజుల నడుమ సూర్యుడు. చావని కాదు, పాతది పోయి కొత్తది రావడమని టారో చెప్పేవారి భాష్యం.

సూరత్‌కు ఈ కార్డు 1994 సెప్టెంబరులో పడింది. ప్లేగు వార్తతో కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఊరు విడిచారు. మన తెలంగాణ నేతన్నలు మరమగ్గాల మీద బతుకుతున్న ఊరది. పాతది దానంతటదే పోలేదు. బొమ్మలో అన్నీ ఉన్నాయి గానీ చీపురు లేదు. అది 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు పట్టించారు. ఏసీ గదుల్లోని అధికారులను రోజూ వీధుల్లో తిప్పారు. హోటళ్లకు జరిమానాలు వేశారు, ఆక్రమణలు కూల్చారు, రాత్రిళ్లు కూడా రోడ్లు ఊడిపించారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో పరిశుభ్రమైన నగరం సూరతేనంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లోనైతే ఇండోర్‌తో కలిసి మొదటి స్థానమే.