పొరుగువాని కుంచము

అమెరికా సంయుక్త రాష్ట్రములయందు ఏటేట ఓక్లహోమా నగరమున జరుగు కళాశాల స్త్రీల సాఫ్టుబాలు పోటీలను ఈఎస్‌పీఎన్ సంస్థవారు టెలివిజనున దేశమంతటికిని చూపుచున్నారు. ఆట మిక్కిలి రమ్యము. వ్యాఖ్యానమందలి యొక యలవాటు మాత్రము మాకు సమ్మతము కాదు. పిచ్చరు గంటకు 70 మైళ్ల వేగమున బంతి విసరినతోడనే, ఇది పురుషుల బేస్‌బాలునందలి 100 మైళ్ల బంతికి సమానమని వ్యాఖ్యాతలు లెక్కకట్టి వినిపింతురు.

లెక్క తప్పు కాదు. బేస్‌బాలున విసరువానికిని కొట్టువానికిని నడుమ 60 అడుగుల 6 అంగుళములు. ఇచ్చట 43 అడుగులే. కనుక బంతిని చూచి నిర్ణయించుకొనుటకు చిక్కు వ్యవధి రెండుచోట్లను రమారమి యొక్కటే. కాని మన ధాన్యమును పొరుగువాని కుంచముతో కొలిచి, మీదియు తక్కువ కాదనుట గౌరవమగునా? కాళిదాసును భారతదేశపు షేక్‌స్పియరని సర్ విలియం జోన్సు మెచ్చుకొన్ననాటినుండియు ఇట్టి మెప్పు మన మెరిగినదే.

ఈ లెక్కలలోబడి వ్యాఖ్యాతలు చెప్పవలసినది విడిచిపెట్టుచున్నారు. ఎడమచేతివాటపు బ్యాటరు మొదటి బేసువైపు అడుగులు వేయుచునే బంతిని తాకించును. దీనిని స్లాప్ అందురు. బేసుల నడుమ దూరము 60 అడుగులే యగుటచే వేగముగల క్రీడాకారిణి మూడు సెకండ్లలోపుననే బేసు చేరును. ఫీల్డరు చేతిలో బంతి ఒక్కసారి తడబడెనా, అంతయు వ్యర్థము. అందుచేతనే అట్టి బ్యాటరు రాగానే ఫీల్డర్లు ముందునకు జరుగుదురు. ఈ సంగతి చెప్పినగదా చూచువానికి ఆట బోధపడుట! 2008 బీజింగు ఒలింపిక్సున జపాను పిచ్చరు యుకికో ఉయెనో రెండు దినములలో 413 బంతులు విసరెను. అంత్యపోటీలో జపాను 3-1 తేడాతో అమెరికాను ఓడించి స్వర్ణము గొనెను. ఆ ఓర్పును మైళ్లలోనికి మార్చు లెక్క యేది?

2004 ఏథెన్సు ఒలింపిక్సున స్వర్ణపతకము గొన్న జట్టులోని జెస్సికా మెండోజా, 2015లో పురుషుల బేస్‌బాలు పోస్ట్‌సీజన్ పోటీకి జాతీయ టెలివిజనున వ్యాఖ్యానము చేసిన తొలి మహిళ యయ్యెను. సాఫ్టుబాలున గడించిన విద్య అచ్చటను చెల్లినది. పురుషుడు విసరిన బంతి సాఫ్టుబాలున ఎన్ని మైళ్లకు సమానమని మాత్రము ఎవ్వరును లెక్కకట్టరు.

2012, 2016, 2024 ఒలింపిక్సులందు చోటులేని ఈ ఆట 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్సున మరల చేరుచున్నది; ఆ పోటీలును ఓక్లహోమా నగరముననే జరుపుటకు నిర్ణయింపబడినది. అప్పుడు చూచువారిలో బేస్‌బాలు ముఖమైన నెరుగని మన దేశీయులును ఉందురు. వారికి ఆ 100 మైళ్ల పోలికవలన తెలియున దేమి?