వంద డాలర్ల గడప

పూర్వం డిగ్రీ పూర్తి చేసిన కుర్రవాడు స్టాఫ్‌రూములోకి వచ్చి, "సార్, బ్యాంకు పరీక్షకు ఏ పుస్తకం చదవమంటారు?" అని అడిగేవాడు. ఇప్పటి ప్రశ్న వేరు. "బ్లాగు పెడితే నెలకెంత వస్తుంది? యూట్యూబు అయితే ఎంత?" ఇంతకూ ఏమి వ్రాస్తావు నాయనా అంటే, అది తరువాత చూసుకుందామంటాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అయితే అందరినీ ఇలా నవ్వి పంపడానికి వీలులేదు. తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి వ్రాసిన వుత్తరం చూడండి. బి.ఏ. ప్యాసయిన ఇల్లాలు. భర్త బట్టల కొట్టులో గుమాస్తా. పిల్లలు బడికి వెళ్ళిన తరువాత దొరికే రెండు మూడు గంటలలో ఫోను మీదనే బ్లాగు వ్రాస్తుంది. నోములు, పచ్చళ్ళు, మేనత్త చెప్పిన కథలు. ఆరు నెలలైనా దమ్మిడీ రాలేదు. ఈలోగా ఎవరో పెద్దమనిషి ఫోనులో ప్రత్యక్షమై, మూడు రోజుల శిక్షణతో నెలకు లక్ష రూపాయలు సంపాదించే కిటుకు చెబుతాననీ, రుసుము 18,000 అనీ, ఆదివారం లోపల కడితే 15,000 చాలుననీ అన్నాడట. "మెడలో గొలుసు కుదువపెట్టి చేరమంటారా?" అని ఆమె ప్రశ్న.

వద్దమ్మా. ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలియాలి.

పత్రిక వారు కథ వేసుకుంటే పదిమంది చదివినా, పదివేలమంది చదివినా రచయితకు ముట్టే పారితోషికం ఒకటే. అంతర్జాలంలో వ్రాతకు పారితోషికం లేదు. మీ వ్రాత వీధి అరుగు వంటిది. దాని మీద ఎవరో సబ్బుల వ్యాపారి తన బోర్డు నిలబెడతాడు. అతడిచ్చే అద్దెను గూగులు వారు పుచ్చుకుని మీకొక వాటా ఇస్తారు. వీధిలో మనుషులు నడవకపోతే అరుగుకు అద్దె లేదు. ఎంత నున్నగా అలికి ముగ్గు పెట్టినా సరే!

బ్లాగులకు ఈ ఏర్పాటు పేరు యాడ్‌సెన్స్. అది 2003లో మొదలైంది. తెలుగు పేజీలను అందులోకి రానిచ్చింది 2018లో. అంటే పదిహేనేళ్ళపాటు తెలుగు బ్లాగరులకు ఆ దారి లేనే లేదు. (మాటవరసకు చెబుతున్నాను, ఆ రోజులలోనే మన బ్లాగులు రుచిగా వుండేవి. ఒక పద్యం మీద అర్ధరాత్రి దాకా తగవులాడుకునేవారు. ఇప్పుడు ఆ జనమంతా వీడియోల వైపు పోయారు.) ఖాతాలో 10 డాలర్లు చేరినప్పుడు మీ ఇంటి చిరునామాకు తపాలాలో ఒక రహస్య సంఖ్య పంపుతారు. అది నమోదు చేయాలి. 100 డాలర్లు నిండితే గాని సొమ్ము బ్యాంకుకు రాదు. నిండనిది మరుసటి నెలకు కలుస్తుంది. చాలామంది తెలుగు బ్లాగరులు ఈ గడప దాటకుండానే విసిగి మానుకుంటారు.

కారణమేమంటే, అద్దె అన్ని అరుగులకూ ఒకటి కాదు. బ్యాంకు అప్పులు, బీమా, వీటిని గురించిన పేజీ పక్కన బోర్డు పెట్టడానికి వ్యాపారులు పోటీ పడతారు. నోముల కథ పక్కన అంత పోటీ వుండదు. చదివేవారు అమెరికాలో వుంటే ఒక లెక్క, ఒంగోలులో వుంటే మరొక లెక్క. పోనీ, చుట్టపక్కాలందరికీ ఫోను చేసి ప్రకటనల మీద నొక్కమందామా అంటే, అది నిషిద్ధం. గూగులు వారు పసిగడితే ఖాతా మూసేస్తారు. ఆ సోదరి ఇంకొక మాట కూడా అడిగింది, కలం పేరు పెట్టుకోవచ్చునా అని. బ్లాగు మీద నిక్షేపంగా పెట్టుకోవచ్చు. డబ్బు పుచ్చుకునే ఖాతాలో మాత్రం బ్యాంకు పాసుపుస్తకంలో వున్న పేరే వుండాలి.

ఇక యూట్యూబు. 2018 నుంచి అక్కడ ప్రకటనల వాటా కావాలంటే 1,000 మంది చందాదారులుండాలి, ఏడాదిలో జనం మీ వీడియోలను 4,000 గంటలు చూసివుండాలి. పొట్టి వీడియోల దారిన పోతే 90 రోజులలో కోటిసార్లు చూడాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మనిషికి మూడు నిమిషాలు నిలబడి చూశాడనుకున్నా 80,000 సార్లు చూడాలి. ఇంతా చేస్తే, అప్పటికి దొరికేది లోపలికి వెళ్ళే అర్హత మాత్రమే. ఆ తరువాత నిడివి వీడియోల పక్కన వచ్చే ప్రకటనల రాబడిలో వందకు 55 మీవి, 45 వారివి. పొట్టి వీడియోలకు మీ భాగం 45. అమెరికాలోని వారు చూడగా వచ్చిన భాగం మీద 2021 నుంచి అక్కడి పన్ను కూడా పడుతున్నది. మన దేశపు వాళ్ళం కాగితం దాఖలు చేస్తే నూటికి 15, చేయకపోతే ఇంకా ఎక్కువ.

"మరి మస్తానమ్మగారో? గంగవ్వగారో?" అంటారు. అనవలసిందే. గుంటూరు జిల్లా గుడివాడ ముసలమ్మ మస్తానమ్మ పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచం చూసింది. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆ ఛానలుకు పది లక్షలు దాటి చందాదారులున్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో వ్యవసాయపు పనులు చేసుకున్న గంగవ్వ, తన యాసతోనే మై విలేజ్ షో ద్వారా ఇంటింటికీ తెలిసింది. ఇద్దరూ ఏ మూడు రోజుల శిక్షణకూ వెళ్ళలేదు. కాని ఇద్దరి వెనుకా కెమెరా పట్టి, కూర్పు చేసి, ఓపికగా నడిపిన కుర్రవాళ్ళున్నారు. ఆ సంగతి చెప్పేవారు తక్కువ. ఇంకొకటి, అటువంటి ముసలమ్మను చూసి కెమెరాలు పట్టుకుని బయలుదేరినవారు ఎందరో! వారిలో మనకు పేరు తెలిసినవారు ఎందరు?

ఈ లెక్క తెలిసిన తరువాత ఆ శిక్షణ పెద్దమనిషి రాబడి ఎక్కడిదో ఊహించండి. 18,000 చొప్పున పదిమంది చేరితే 1,80,000. అతడికి అరుగూ అక్కరలేదు, అద్దే అక్కరలేదు. అతడు నేర్పే విషయాలు గూగులు, యూట్యూబు వారి సహాయ పుటలలోనే వున్నాయి, పైసా ఖర్చు లేకుండా. బ్లాగర్‌లో బ్లాగు తెరవడానికి కూడా రుసుము లేదు.

అయితే ఆ సోదరి చేతిలో ఏమీ లేదా? వున్నది. ఆవకాయ పాళ్ళు వ్రాసిన పేజీ అరుగు మీద అద్దె కోసం కూర్చోవడం కంటె, ఆ ఆవకాయనే అమ్మడం మేలని నాకు తోస్తుంది. పేజీని వెయ్యిమంది చూసి పోయినదాని కంటె, చూసినవారిలో నలుగురు తలా ఒక కిలో తెప్పించుకుంటే ఇంట్లోకి ఎక్కువ వస్తుంది. (ఎంత చిన్న ఎత్తున అమ్మినా ఆహారపు సరుకుకు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ వుండాలి సుమా.) బ్లాగు చూసి ట్యూషనుకు పిల్లలు వచ్చినవారు, అనువాదపు పని దొరికినవారు నాకు తెలుసు. వారి యాడ్‌సెన్స్ ఖాతాలు ఇప్పటికీ గడప ఇవతలే వున్నాయి! మేనత్త కథలను మాత్రం అమ్మకానికి కట్టవద్దు. వాటిని అలాగే వ్రాస్తూ వుండండి. ఇంటి లెక్కల పుస్తకంలో మొదటి ఏడాది ఈ పద్దు కింద సున్న వేసుకోండి. ఏమైనా వస్తే పండుగ ఖర్చుకు పనికివస్తుంది.

ఇతరుల వ్రాతను ఎత్తి తెచ్చి యంత్రపు గొంతుతో చదివించే కుర్రవాళ్ళకు ఒక మాట. అటువంటి సరుకును గుంపుగా తయారుచేసి పెడితే రాబడి ఇవ్వమని యూట్యూబు వారు 2025 జూలైలో నిబంధనను మరింత స్పష్టం చేశారు.

కాస్త పేరు వచ్చిందనగానే వ్యాపారులు తమంత తామే వస్తారు. డబ్బు గాని వస్తువు గాని పుచ్చుకుని పొగిడితే, అది ప్రకటన అని చూసేవారికి కనబడేలా చెప్పి తీరాలి. ఏడాదికి 20,000 రూపాయలు దాటిన కానుకల మీద ఇచ్చేవారు నూటికి 10 పన్ను పట్టాలన్న నియమం 2022 జూలై 1న వచ్చింది. అన్నిటికంటె ప్రమాదకరమైనవారు పందెపు యాప్‌ల వారు. వాటిని పొగిడినందుకు 2025 మార్చిలో హైదరాబాదులో పోలీసులు సినిమా నటుల మీద, యూట్యూబు వారి మీద కలిపి కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఏదో ఒక మారుపేరుతో కబురు వస్తుంది, చిన్న ఛానలుకు కూడా. ఆ కబురుకు జవాబు వ్రాయకండి.