గేరు లేని సైకిలు - ఎత్తు దారి

ప్రశ్న: మావారికి యాభై మూడేళ్ళు. బొగ్గు గనిలో ఉద్యోగం. చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నారు. వ్యాయామం చేయమని డాక్టరుగారు చెబితే, రెండు నెలలుగా సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి పాత సైకిలు మీద గాంధారి ఖిల్లా గుట్టల వైపు వెళ్ళివస్తున్నారు. వచ్చాక చాలా హుషారుగా ఉంటారు గాని, మోకాళ్ళు నొప్పులంటున్నారు. గేర్ల సైకిలు కొనుక్కోమంటారా? మరో మాట. ఈ మధ్య ఎత్తు ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటోందట. దిగి నిలబడితే పోతుందట. గ్యాసని సోడా తాగుతున్నారు.
- ఒక సోదరి, రామకృష్ణాపూర్

జవాబు: అమ్మా! మీరు అడిగింది మోకాళ్ళ గురించి. నేను మాత్రం మీ ఉత్తరంలోని చివరి నాలుగు వాక్యాలకే ముందు జవాబు చెబుతాను. ఇది చదివిన రోజునే మీ వారిని ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అంతవరకు సైకిలు ముట్టుకోనివ్వకండి.

శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ నొప్పిని గుండె నొప్పిగానే అనుమానించాలి. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలు సన్నబడితే, కూర్చున్నప్పుడు ఆ రక్తం సరిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు చాలదు. అప్పుడు గుండె మొరపెట్టుకుంటుంది. ఆ మొర ఛాతీలో బిగువుగానే రానక్కరలేదు. దవడలో, ఎడమ చేతిలో, పొట్ట పైభాగంలో కూడా రావచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారిలో నొప్పే లేకుండా ఒట్టి ఆయాసంగా కనిపించవచ్చు. గ్యాసుకి దారి ఎత్తో పల్లమో తెలియదు కదా!

చాలా ఏళ్ళ కిందట ఒక కార్మికుడు నాతో, "గడ్డ ఎక్కుతుంటే బిగవట్టినట్టయితది సారూ, దిగితే పోతది" అన్నాడు. ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. ఇ.సి.జి. తీయించాను, మామూలుగానే ఉంది. గ్యాసు మాత్రలు రాసి పంపాను. వారం తిరక్కముందే గుండెపోటుతో వచ్చాడు. బతికాడు, అది నా అదృష్టం. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదన్న సంగతి నాకు పుస్తకంలో తెలుసు. ఆ రోజు బల్ల దగ్గర గుర్తు రాలేదు. అందుకే చెబుతున్నాను, మీ డాక్టరుగారికి "ఎత్తు ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది" అన్న మాట తప్పక చెప్పండి. నొప్పి కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా క్షణం ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

ఇక సైకిలు సంగతి. అది చెడ్డదని నేననను. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో కూడా చెప్పింది. సైకిలు మీద శరీరం బరువు సీటు మోస్తుంది కాబట్టి చదును దారిలో మోకాళ్ళకు నడక కంటే సుఖం. చక్కెర, రక్తపోటు అదుపులోకి రావడానికీ సాయపడుతుంది.

చిక్కంతా ఎత్తు దగ్గరే. మన మామూలు సైకిలుకు ముందు చక్రం పళ్ళు వెనక చక్రం పళ్ళకు దాదాపు రెండున్నర రెట్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు అయిదున్నర మీటర్లు సాగాలి. చదునులో ఇది హాయి. ఎత్తులో గేరు తగ్గించే వీలు లేదు గనుక ఆ బలమంతా తొడలూ మోకాళ్ళూ పెట్టవలసిందే. పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి తొక్కితే రక్తపోటు చివాలున పెరుగుతుంది. గేర్ల సైకిలు ఈ బాధ తగ్గిస్తుంది కాని, గుండెను బాగుచేయదు. కనుక కొనడం తరవాతి మాట.

డాక్టరుగారు పరీక్షించి సరేనన్నాక ఇవి పాటించండి:

1. సీటు ఎత్తు చూడండి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. మీ వారి నొప్పికి ఇదే కారణం కావచ్చు.

2. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే దిగి నడిపించుకుపోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. 1970లలో అమెరికాలో కాలిఫోర్నియా సముద్రతీరపు కొండల్లో, గేరు లేని బరువైన పాత సైకిళ్ళతో కుర్రకారు పందేలు ఆడారు. నేటి కొండ సైకిళ్ళ పుట్టుకకు మూలమైన వాళ్ళు సైతం ఎత్తులో తరచు బండిని నెట్టుకుంటూ ఎక్కినవారే!

3. దిగేటప్పుడు రెండు బ్రేకులూ ఆగి ఆగి వేయాలి. ఆ కుర్రాళ్ళ బ్రేకులు దిగుడులో వేడెక్కి లోపలి గ్రీజు మాడిపోయేది. బయలుదేరే ముందు బ్రేకు కట్టెలు, చైను చూసుకోండి. తలకు హెల్మెట్ ఉండాలి.

4. చక్కెర మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. జేబులో గ్లూకోజో, పంచదారో ఉండాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే దిగి నోట్లో వేసుకోవాలి.

5. మీ ప్రాంతపు ఎండలు తెలిసినవే. వేసవిలో ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. బొగ్గు లారీల దారి మానుకోండి. రాత్రి షిఫ్టు దిగి నిద్రమత్తులో సైకిలెక్కవద్దు.

అమ్మా, హుషారుగా ఇల్లు చేరే మనిషిని ఆపడం కష్టమే. ఎల్లకాలం ఆపమనడం లేదు. ముందు గుండె చూపించుకుని, ఆ తరవాత గుట్ట సంగతి చూసుకోమని చెప్పండి. సోడాసీసా మాత్రం పక్కన పెట్టించండి.