కరివేపాకు నిద్రపోతోంది, లేపకండి

అక్టోబర్ మొదటి వారం రాగానే న్యూజెర్సీలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "లోపల పెట్టేశారా?" ఏంటి పెట్టేది అని ఎవరూ అడగరు. కరివేపాకు కుండీ అని అందరికీ తెలుసు. రాత్రి చలి 50 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 10 డిగ్రీల కిందికి దిగిందంటే ఇళ్లలోకి ఊరేగింపు మొదలు. ముందు కరివేపాకు, వెనకాల మల్లె, ఆ వెనక తులసి.

కూరలో కరివేపాకులా తీసిపారేశారు అంటాం కదా, ఆ మాట ఇక్కడ చెల్లదు. ఇండియా నుంచి తాజా ఆకు సూట్‌కేసులో తేవడానికి వీల్లేదు. తప్పు ఆకుది కాదు, దాని మీద బతికే సిలిడ్ అనే బుల్లి పురుగుది. నిమ్మ, నారింజ తోటల్ని ఎండబెట్టేసే గ్రీనింగ్ తెగుల్ని అదే మోసుకెళ్తుంది. కరివేపాకూ నారింజా ఒకే కుటుంబం మొక్కలు, కాబట్టి ఆ పురుగుకి రెండూ ఇష్టమే. అందుకే ఇక్కడ ఛాతీ ఎత్తు కరివేపాకు చెట్టున్న ఇంటికి గ్రూపులో ఓ హోదా ఉంటుంది.

ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. నా మొదటి కరివేపాకుని నేనే చంపేశా. 25 డాలర్లు పెట్టి కొన్న జానెడు మొక్క. మర్చిపోతానేమోనని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా, ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకి ఒక చెంబు నీళ్లు. నవంబర్, డిసెంబర్, ఒక్క వారం తప్పలేదు. ఆకులు వాలిపోయాయి. దాహమేమో అనుకుని రెండు చెంబులు చేశా. జనవరికి కాండం పట్టుకుంటే మెత్తగా తగిలింది.

తర్వాత లాగ్స్ చూసుకున్నట్టు ఏం జరిగిందో వెనక్కి చూసుకున్నా. డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో కూడా పగలు 11 గంటలు ఉంటుంది. ఇక్కడ తొమ్మిదింపావు. ఆ కాస్త వెలుగులో కూడా కిటికీ అద్దం దాటి మొక్కకి అందేది కొంతే. వెలుగు లేకపోతే ఆకు పనిచేయదు, ఆకు పనిచేయకపోతే వేరు నీళ్లు తాగదు. పోసిన నీళ్లన్నీ మట్టిలోనే ఉండిపోతాయి, వేళ్లకి గాలి ఆడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పైకి పంపలేదు కాబట్టి ఆకులు అచ్చం దాహమేసినట్టే వాలిపోతాయి. మనం ఇంకా పోస్తాం. లోడ్ ఎక్కువై సర్వర్ పడిపోతుంటే ఇంకో వెయ్యి రిక్వెస్టులు పంపడం అన్నమాట. ఆఫీసులో అలా చేస్తే నన్ను ఎవరూ ఊరుకోరు.

ఇదంతా తెలిసినా, పోయినేడాది మా పక్కింటి ఆంటీ చేసిన పనికి నాకు చెమటలు పట్టాయి. వాళ్లు ఉన్నవన్నీ సర్దుకుని విజయవాడ వెళ్లిపోతూ, పన్నెండేళ్లు పెంచిన కరివేపాకుని మా గుమ్మంలో దించారు. "ఇది మా పిల్లాడి పెళ్లినీ చూసింది, కోవిడ్‌నీ చూసింది. నువ్వు జాగ్రత్తగా చూసుకుంటావని ఇస్తున్నా బాబూ" అన్నారు. మొదటి మొక్క సంగతి ఆవిడకి చెప్పలేదు.

అక్టోబర్‌లో హాల్లో, హీటర్ గాలి తగిలే చోట పెట్టా. చలి నుంచి కాపాడుతున్నా అనే ధీమా. నెల తిరగకుండా ఆకుల అడుగున సన్నని బూజులాంటి గూళ్లు. ఎర్రనల్లి. హీటర్ వేసిన ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది, దానికి కావాల్సింది అదే. బాత్‌రూమ్‌లో షవర్ కింద పెట్టి ఆకుల అడుగులు కడిగా. వారం తర్వాత మళ్లీ కడిగా.

అప్పుడే అసలు చలిదేశాల వాళ్లు ఈ పని ఎలా చేస్తారో చదవడం మొదలుపెట్టా. మాది జోన్ 7. అంటే ఏడాదిలో అన్నిటికన్నా చల్లటి రాత్రి సగటున మైనస్ 18కీ మైనస్ 12కీ మధ్య ఉంటుందని. అయినా ఇక్కడివాళ్లు మెక్సికో డాలియాలు పెంచుతారు. మొదటి మంచుకి ఆకులు నల్లబడగానే దుంపలు తవ్వి, మట్టి దులిపి, కాగితాల్లో చుట్టి చల్లటి బేస్‌మెంట్‌లో దాస్తారు. మెట్టతామర కూడా అంతే. గార్డెన్ సెంటర్లలో 'ఏనుగు చెవులు' అని అమ్మేది మన చామే, దాని దుంపలూ తవ్వి దాస్తారు (మనమైతే పులుసు పెట్టేవాళ్లం). మూసా బాస్జూ అనే అరటినైతే బోదె నరికి, మొదట్లో ఎండుగడ్డి మందంగా కప్పేసి బయటే వదిలేస్తారు. వసంతంలో నేల లోపల్నించి మళ్లీ లేస్తుంది. దాంతో వేపుడు చేద్దామని మాత్రం అనుకోకండి, కాయలు తినడానికి పనికిరావు.

నా కళ్లు తెరిపించింది మాత్రం వెర్సాయ్. 14వ లూయీ నారింజ చెట్ల కోసం అక్కడ 1684-86 మధ్య ఓ భవనం కట్టారు. దక్షిణం వైపు పెద్ద కిటికీలు, బాగా మందం గోడలు, అంతే. చెట్లను పెద్ద పెద్ద చెక్క పెట్టెల్లో శీతాకాలానికి లోపలికి, ఎండాకాలానికి బయటికి ఇప్పటికీ మారుస్తుంటారు. వెచ్చగా ఉంచడం ఉద్దేశం కాదు, గడ్డకట్టకుండా ఉంటే చాలు. వెచ్చదనం ఇచ్చి వెలుగు ఇవ్వకపోతే మొక్క దాచుకున్న బలమంతా పెట్టి పాలిపోయిన సన్నటి రెమ్మలు వేస్తుంది. మన కరివేపాకు చుట్టాలే కదా ఆ చెట్లు! ఆ రాత్రే కుండీని గరాజ్ పక్క గదిలోకి లాగా. దక్షిణం కిటికీ ఉంది, ఎప్పుడూ 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. రిమైండర్ తీసేశా. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు. అదీ ఒక గ్లాసే.

జనవరిలో ఆకులన్నీ రాలిపోయాయి. ఒక్కటి మిగల్లేదు. చీపురు తిరగేసి పెట్టినట్టుంది. ఆంటీ ప్రతి ఆదివారం "మొక్క ఎలా ఉంది?" అని మెసేజ్. నేను అక్టోబర్‌లో తీసిన ఫొటోలు ఒక్కొక్కటే పంపుతూ వచ్చా. నాలుగో వారం ఆవిడ అడిగారు: "అదేంటి, కిటికీలోంచి చెట్లన్నీ పచ్చగా కనిపిస్తున్నాయి? అక్కడ జనవరి కాదా?"

ఫోన్ చేసి అంతా చెప్పేశా. రిమైండర్ సంగతి, మొదటి మొక్క సంగతి కూడా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వారు.

"మా ఇంట్లో మాత్రం చలికాలంలో ఆకులుండేవా ఏంటి? నువ్వు ఎండాకాలంలోనే వచ్చి కోసుకెళ్లేవాడివి, అందుకే తెలీదు. గోటితో బెరడు కొంచెం గీకి చూడు."

గీకా. లోపల పచ్చగా ఉంది.

మార్చి చివర్లో కొమ్మల కణుపుల దగ్గర ఎర్రటి గుండుసూది తలలంత చిగుళ్లు. మే రెండో వారంలో బయట పెట్టా. మొదటి వారం పూర్తిగా నీడలోనే, ఎందుకంటే లోపల పుట్టిన లేత ఆకు నేరుగా ఎండ తగిలితే తెల్లగా మాడిపోతుంది. ఇప్పుడు కుండీ అంచున రెండు పిలకలు కూడా లేచాయి. ఇమ్మని గ్రూపులో ఆరుగురు అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతున్నా, జనవరిలో బోడికొమ్మలు చూసి ఏం చేస్తారని. ఇప్పటికి నలుగురు, "ఇంకాస్త నీళ్లు పోస్తాం" అన్నారు.