ఓపిక అనే వారసత్వం

విమానాశ్రయంలో టికెట్ కౌంటర్ దగ్గర ఓ కొడుకు నిలబడి ఉంటాడు. ఊళ్లో తండ్రి ప్రాణం మీదికొచ్చింది. మామూలు టికెట్లు అయిపోయాయి. మిగిలింది బిజినెస్ క్లాస్ ఒక్కటే, జేబులో ఉన్నది దానికి చాలదు. అక్కడున్న ప్రయాణికుల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరి ముందూ చేయి చాపుతాడు. బతిమాలుతాడు. ఎవరూ కరగరు. తీరా ఊరు చేరేసరికి తండ్రి ఉండడు, కడచూపు కూడా దక్కదు. 'ఆకాశం నీ హద్దురా'లోని ఈ ఘట్టం చూసి కళ్లు తుడుచుకోని వాళ్లు తక్కువ. అంతటి లేమిని ఒంటిమీదికి తెచ్చుకున్న నటుడు నిజ జీవితంలో పేరున్న ఇంటి బిడ్డ. నూట తొంభైకి పైగా సినిమాల్లో నటించిన తమిళ నటుడు శివకుమార్ పెద్ద కొడుకు, సూర్య.

2025 జులై 23తో సూర్యకు యాభై ఏళ్లు నిండాయి. 1997లో మొదటి సినిమా, 2022లో జాతీయ ఉత్తమ నటుడి ప్రకటన. మధ్యలో పాతికేళ్లు. ఈ సందర్భంగా ఆయన సినిమాల జాబితా అందరూ రాస్తారు. మనం మాట్లాడుకోవలసింది మరొకటి ఉంది. సినిమా కుటుంబంలో పుట్టినవాడికి అసలు దక్కేదేమిటి? దక్కినదాన్ని అతను ఏం చేయాలి?

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. తెలుగు తెర కూడా కుటుంబాల తెరే. నందమూరి, అక్కినేని, ఘట్టమనేని, దగ్గుబాటి, కొణిదెల, అల్లు పేర్లు తీసేస్తే మన పోస్టర్లలో సగం గోడ ఖాళీ అవుతుంది. వారసుల మీద ఎప్పుడు చర్చ లేచినా, వాళ్లకు మొదటి అవకాశం సులువుగా వస్తుందన్న మాట దగ్గరే ఆగిపోతుంది. మొదటి అవకాశం అదృష్టం కలిసొస్తే బయటివాడికీ వస్తుంది. వారసుడికి మాత్రమే దక్కేది ఐదో అవకాశం. నాలుగు సినిమాలు పోయాక కూడా గుమ్మంలో నిర్మాత కనిపించడం. సూర్య కథ ఈ మాటకు పక్కా సాక్ష్యం. దక్కిన ఆ ఓపికను ఆయన ఏం చేశారన్నది అంతకన్నా పెద్ద కథ.

ముందు తండ్రి గురించి చెప్పుకోవాలి. శివకుమార్ కోయంబత్తూరు జిల్లా పల్లెలో పుట్టారు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి రెక్కల కష్టం మీద పెరిగారు. బొమ్మలు వేయడం ప్రాణం. చిత్రకళ నేర్చుకోవడానికి మద్రాసు వచ్చి, 1965లో 'కాక్కుం కరంగళ్'తో తెరకెక్కారు. 'సింధు భైరవి'లో ఆయన వేసిన సంగీత విద్వాంసుడి పాత్రను తెలుగువాళ్లు మరిచిపోలేదు. వంద సినిమాల మైలురాయి దాటిన రోజుల్లో ఆయన తన పేరిట ఓ విద్యా ట్రస్టు పెట్టి, బాగా చదివే పేద పిల్లలకు ఏటా బహుమతులివ్వడం మొదలుపెట్టారు. తిండికి కటకటలాడిన రోజులు గుర్తున్నవాడు చేసే పని అది. ఈ చిన్న వివరాన్ని పక్కన పెట్టుకుందాం, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

కొడుకు శరవణన్‌కు సినిమాల మీద మోజు లేదు. లయోలా కాలేజీలో బీకాం చదివి గార్మెంట్ ఎగుమతుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఫలానా నటుడి కొడుకునని అక్కడ చెప్పుకోలేదు. దర్శకుడు వసంత్ 'ఆశై'లో వేషం ఇస్తానంటే వద్దన్నాడు. మరి ఎందుకొచ్చాడంటే, కారణం ఆయనే చెప్పారు. భర్తకు తెలియకుండా తల్లి చేసిన పాతిక వేల రూపాయల అప్పు తీర్చడానికి. నటుడి ఇంట్లో పాతిక వేలకు వెతుకులాటేమిటని మనకు అనిపించవచ్చు. వేషం ఉన్నప్పుడే కూలి, లేనప్పుడు లేదు. పైకి పెద్దగా కనిపించే చాలా ఇళ్ల లోపలి లెక్క అంతే. 1997లో మణిరత్నం నిర్మాణంలో వసంత్ తీసిన 'నేరుక్కు నేర్'తో ఆయన తెరమీదికి వచ్చారు. శరవణన్ పేరుతో అప్పటికే ఓ నటుడు ఉండడంతో మణిరత్నమే 'సూర్య' అని పేరు మార్చారు.

ఆ తర్వాతి నాలుగేళ్లు గుర్తుచేసుకోదగ్గవి కావు, అయినా గుర్తుచేసుకోవాలి. వరసగా సినిమాలు వచ్చాయి, వెళ్లాయి. డాన్సు రాదన్నారు. ముఖంలో భావం పలకదన్నారు. ఫైట్లు కుదరడం లేదన్నారు. అన్నవాళ్లది తప్పు కాదు, అప్పటికి అది నిజమే. తండ్రి నీడలోంచి బయటికి రావాలని, తన మనిషి తనే కావాలని నటుడు రఘువరన్ చెప్పిన మాట మనసుకు తగిలిందని సూర్య తర్వాత చెప్పుకున్నారు. నేర్చుకోవడం మొదలైంది. ఇక్కడే నిజాయితీగా ఒప్పుకోవాలి. శివకుమార్ కొడుకు కాకపోయి ఉంటే ఆ నాలుగేళ్లు ఆయన్ను ఎవరు భరించేవారు? అంతే ప్రతిభ ఉన్న ఏ పల్లెటూరి కుర్రాడో రెండో సినిమా పోగానే కోడంబాక్కం నుంచి బస్సెక్కి ఉండేవాడు. వాడి పేరు మనకెప్పటికీ తెలియదు.

2001లో బాలా 'నంద' తీశారు. మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న పాత్ర. తమిళనాడు ప్రభుత్వ ఉత్తమ నటుడి బహుమతి ఇంటికొచ్చింది. రెండేళ్లకు గౌతమ్ మేనన్ 'కాక్క కాక్క' వచ్చింది. మన వెంకటేశ్ 'ఘర్షణ' దాని తెలుగు రూపమే. అదే ఏడాది 'పితామగన్'లో విక్రమ్ పక్కన, సంతల్లో నోటి దురుసుతో నాలుగు రాళ్లు సంపాదించుకునే మోసగాడిగా నవ్వించి, చివరికి గుండె పిండాడు. తెలుగులో అది 'శివపుత్రుడు'. మాట పెగలని పాత్రలోనూ మాట ఆగని పాత్రలోనూ ఒకే నటుడు కుదిరాడంటే, ఆ నాలుగేళ్ల ఓపిక వృథా పోలేదన్నమాట.

2005లో 'గజిని' వచ్చింది. పదిహేను నిమిషాలకు మించి గుర్తుండని మనిషి, ఒంటినిండా పచ్చబొట్లు. తెలుగు ప్రేక్షకుడు సూర్యను ఇంటివాడిగా చేసుకున్నది అప్పుడే. తర్వాత 'వీడొక్కడే', 'యముడు', 'సింగం', '24' మన ఊళ్లలో మన సినిమాల్లాగే ఆడాయి. రామ్‌గోపాల్ వర్మ 'రక్త చరిత్ర 2'లో సీమ ఫ్యాక్షన్ కథలో సగం బరువు ఆయనే మోశారు. మనం ఇన్నేళ్లు ప్రేమించిన ఆ గొంతు చాలా సినిమాల్లో శ్రీనివాసమూర్తిది. 2023 జనవరిలో ఆ డబ్బింగ్ కళాకారుడు వెళ్లిపోయినప్పుడు సూర్య అభిమానులు సొంతమనిషి పోయినట్టు బాధపడ్డారు. 'ఆకాశం నీ హద్దురా'కు సత్యదేవ్ గొంతిచ్చారు. 'గ్యాంగ్'కు సూర్య తెలుగు పలకడం నేర్చుకుని తనే చెప్పుకున్నారు. పరాయి భాష నటుడు మన నటుడు కావడానికి ఇంతమంది చేతులు కావాలి.

'సూర్య సన్నాఫ్ కృష్ణన్' సంగతి ఇంకా వేరు. తండ్రీ తనే, కొడుకూ తనే. నడివయసు తండ్రిలో ఆ నిదానం, కొడుకు భుజం మీద వేసిన చేతిలో ఆ నెమ్మది ఎక్కడిదో వెతకనక్కర్లేదు, ఇంట్లో చూసి పెరిగిందే. 2008లో వచ్చిన ఆ సినిమాను 2023 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు కిక్కిరిశాయి. కుర్రకారు తెరముందు నిలబడి పాటలన్నీ పాడారు. విడుదలైన నాటికి బడికి కూడా వెళ్లని పిల్లలు వాళ్లలో ఎంతమందో! ఏ ప్రచారమూ అలాంటి అభిమానాన్ని కొనలేదు.

ఇదంతా చెప్పి, తర్వాతి పదేళ్లు దాచిపెడితే సంపాదకీయం కాదు, అభినందన పత్రం అవుతుంది. 2013 నాటి 'సింగం' తర్వాత పదేళ్లకు పైగా థియేటర్లో ఆ స్థాయి గెలుపు దక్కలేదు. కథ మీద నమ్మకం కన్నా స్టార్ లెక్కల మీద నమ్మకంతో చేసిన సినిమాలు బోల్తాపడ్డాయి. ఏళ్ల తరబడి చెమటోడ్చిన 'కంగువ' 2024 నవంబరులో వచ్చి నిరాశపరిచింది. శ్రమలో లోటు లేదు, ఎంపికలో ఉంది. విచిత్రం ఏమిటంటే ఇదే కాలంలో ఆయన జీవితంలోని అత్యుత్తమమైన రెండు సినిమాలు వచ్చాయి. రెండూ కరోనా రోజుల్లో, థియేటర్ లేకుండా, నేరుగా మన ఇళ్లకు వచ్చాయి. 2020లో సుధ కొంగర దర్శకత్వంలో 'సూరరై పోట్రు', అంటే మన 'ఆకాశం నీ హద్దురా', మరుసటి ఏడాది జ్ఞానవేల్ 'జై భీమ్'. మొదటిది ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు సహా 5 జాతీయ అవార్డులు తెచ్చింది. రెండూ ఆయన సొంత సంస్థ 2డీ ఎంటర్‌టైన్‌మెంట్‌వే. తను నమ్మిన కథకు తన డబ్బు పెట్టినప్పుడు ఆయన గెలిచారు. రాబోయే పదేళ్లకు ఇంతకన్నా మంచి సలహా ఎవరూ ఇవ్వలేరు. తెలుగు దర్శకుడు వెంకీ అట్లూరితో 2025లో మొదలుపెట్టిన సినిమాకు మన శుభాకాంక్షలూ ఈ కోరికతోనే.

పక్కన పెట్టిన వివరం దగ్గరికి వద్దాం. తండ్రి బహుమతులిచ్చిన చోటు నుంచి కొడుకు ఇంకో అడుగు వేశాడు. 2006లో అగరం ఫౌండేషన్ మొదలైంది. అగరం అంటే తమిళంలో 'అ' అనే అక్షరం. 2010లో 'విదై', అంటే విత్తనం, అనే పథకం వచ్చింది. సర్కారు బడిలో ప్లస్ టూ పూర్తిచేసి, ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కబోతున్న పిల్లలు దరఖాస్తు పెడతారు. వాలంటీర్లు వాళ్ల ఇంటికి వెళ్తారు. పైకప్పు ఎలా ఉందో, అమ్మ ఏం పనికి వెళ్తోందో, చదువుకోవడానికి మూల ఉందో లేదో కళ్లారా చూసి వస్తారు. ఫీజు, హాస్టల్ సంగతి చూడడంతో సరిపెట్టరు. ఇంగ్లిష్ రాక క్లాసులో బెదిరిపోయే పిల్లకు, మొదటి సెమిస్టర్ తప్పి ఇంటికి వెళ్లిపోదామనుకునే పిల్లాడికి వెన్నంటి ఓ మనిషిని ఉంచుతారు. అలా చదువుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, మళ్లీ అక్కడికే వచ్చి వాలంటీర్లయినవాళ్లున్నారు.

ఆ వెన్నంటి ఉండే మనిషే ముఖ్యం. తప్పినా మళ్లీ రాయనిచ్చే ఓపిక, పడితే లేపే చేయి ఉన్నవాడి ఇంట్లో ఉచితంగా దొరుకుతాయి. లేనివాడి ఇంట్లో ఒక్క ఏడాది తప్పితే చదువు ముగిసినట్టే. 1997 నుంచి 2001 దాకా తనకు దక్కిన ఆ ఓపికనే సూర్య ఆ పిల్లలకు పంచుతున్నారని నాకనిపిస్తుంది. 2019లో జాతీయ విద్యా విధానం ముసాయిదా మీద, 2020లో నీట్ భయంతో పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు ఆయన గట్టిగా మాట్లాడింది కూడా అందుకే. ఆ మాటలతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కోర్టు ధిక్కారం చర్చ దాకా వెళ్లినా వెనక్కి తీసుకోని ఆ గొంతులో, ఆ పిల్లల ఇళ్లు తెలిసిన బెంగ ఉంది.

వారసత్వాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే పోదు. తండ్రి పని కొడుకు చేయడం వడ్రంగికీ ఉంది, వైద్యుడికీ ఉంది. మన నిర్మాతలను అడగాల్సింది ఒక్కటే. ఇంటిపేరున్న కుర్రాడికి ఇచ్చే నాలుగేళ్లలో కనీసం ఒక ఏడాది ఇంటిపేరు లేని కుర్రాడికీ ఇవ్వండి. ఇక వారసులను మనం అడగాల్సిందీ ఒక్కటే. మీకు దక్కిన ఓపికను ఎవరికి పంచారు?

'జై భీమ్' ఆఖరి దృశ్యం చూడండి. 1990ల్లో ఇరుళర్ గిరిజనుల కోసం పోరాడే లాయరు చంద్రుగా సూర్య నటించిన కథ అది. లాకప్‌లో తండ్రిని పోగొట్టుకున్న చిన్న పిల్ల ఆయన పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఆయన కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుతుంటే చూసి, తనూ ఓ పేపరు తీసుకుని అలాగే కాలు మీద కాలు వేయబోతుంది. ఆయన చూసేసరికి జంకుతుంది. ఫరవాలేదు, కూర్చో అన్నట్టు ఆయన కళ్లతోనే చెబుతాడు. పిల్ల నిటారుగా కూర్చుంటుంది. సినిమా విడుదలకు ముందే ఇరుళర్ పిల్లల చదువుకు కోటి రూపాయలు ఇచ్చి వచ్చిన మనిషి ఆ చూపు చూశాడు. అందుకే అది నటనలా అనిపించదు. యాభయ్యో ఏట సూర్య దగ్గర ఉన్న ఆస్తుల్లో ఆ చూపే పెద్దది. నూరేళ్లు అలాగే నిలుపుకోవాలి.