చెయ్యి ఆపకు!

గిటార్ కొని మూడు నెలలు. కుడిచెయ్యి మాత్రం నా మాట వినదు. కొత్తవాళ్లందరూ నేర్చుకునే స్ట్రమ్మింగ్ ఉంది కదా: కింద, కింద-పైన, పైన-కింద-పైన. మూడో బీట్ దగ్గర తీగలు మోగకూడదు. నేనక్కడ చెయ్యే ఆపేసేవాణ్ని. అంతే, తాళం గోవిందా! విసుగొచ్చి, అమ్మేద్దామని గిటార్‌కి ఫొటోలు కూడా తీశా.

సంక్రాంతికి భావనపాడు వెళ్తే, తీరంలో పెద్దవల లాగుతున్నారు. మావయ్య నన్నూ తాడు పట్టమన్నాడు. అందరూ ‘ఐలేసా’ అంటూ వెనక్కి అడుగులేస్తున్నారు. ఆయాసమొచ్చి ఆగా. ముందున్నాయన వచ్చి నన్ను గుద్దుకున్నాడు.

“ఆగిపోతావేట్రా? బలం సాలకపోతే లాగకు. అడుగు మాత్రం ఆపకు!” అన్నాడు మావయ్య.

బుర్రలో బల్బు వెలిగింది. ఆ రాత్రి మెట్రోనోమ్ యాప్‌ని 60లో పెట్టా. ఎడమచేత్తో తీగలు మూసి, ‘ఒకటి-అండ్-రెండు-అండ్’ అని లెక్కపెడుతూ మొదలుపెట్టా. అంకెకి చెయ్యి కిందికి, ‘అండ్’కి పైకి. ‘మూడు’కీ కిందికే, కాకపోతే తీగల్ని తాకకుండా గాల్లోంచి. అరగంటకి కుదిరింది!

కార్డ్ తప్పినా ఫర్లేదు ఫ్రెండ్స్, చెయ్యి ఆపకండి. ఆ ఫొటోలా? డిలీట్ చేసేశా.