రాత్రి చిత్రములు – మంచిచెడ్డలు

ఎవరేని తమ ఛాయాచిత్రమును చూపినపుడు 'బాగున్నది' యని యూరకుండుట మర్యాదయే గాని సాయము గాదు. స్టేషన్ ఘన్‌పూర్ వీథిలో రాత్రివేళ మా పొరుగింటి బాలిక తీసిన చిత్రమున దీపము తెల్లగా చెదరినది. పూలమ్ము నామె మోము చీకటిలో మునిగినది. దీపమును తప్పించి, దాని వెలుగు మోముపై బడు వైపున నిలిచి తీయుమంటిమి. బాలిక చిన్నబుచ్చుకొనక, 'ఈ మసకకు నా చేయి కదలుటయే కారణమా?' యని యడిగినది. అట్లడుగువారికే చెప్పబుద్ధి యగును! 1933లో పారిస్ రాత్రులను గ్రంథముగా వెలువరించిన బ్రసాయి సైతము కెమెరాను ముక్కాలిపీటపై నిలిపెడివాడు.

పూలమ్ము నామె యనుమతి గైకొంటివా యనగా మాత్రము మారుపలుకలేదు. 1892లో హైదరాబాదున రాజా దీనదయాళు ఘోషాస్త్రీలకై వేరుగా తెరచిన చిత్రశాలను నడిపినది స్త్రీయే గదా. చిత్రమును ముందా పూలమ్ము నామెకే చూపి, వలదన్నచో తుడిచివేయుమంటిమి.